చిన్న బోర్డుల మీద డిస్‌ప్లే డ్రైవర్ సెట్టింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈఎస్‌పీ32 లాంటి మైక్రోకంట్రోలర్‌కో, రాస్‌బెర్రీ పై లాంటి లైనక్స్ బోర్డుకో ఒక చిన్న స్క్రీన్ తగిలించి, దాని మీద బటన్లు, అంకెలు, తెలుగు అక్షరాలు చూపించాలనుకునేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. పాల సేకరణ కేంద్రంలో తూకం, వెన్న శాతం రైతుకు కనబడేలా చూపించే ఒక డబ్బా తయారుచేస్తూ నేను నేర్చుకున్నదే ఇందులో ఎక్కువ. జవాబులన్నిటి వెనకా ఒకే పద్ధతి ఉంది: కింది నుంచి పైకి రండి. ముందు కరెంటు, తర్వాత వైర్లు, తర్వాత స్క్రీన్ చిప్, ఆ తర్వాతే గ్రాఫిక్స్ లైబ్రరీ. పైనున్న అప్లికేషన్ కోడ్‌లో తప్పు వెతుకుతూ రాత్రంతా కూర్చున్నవాళ్లలో చాలామందికి అసలు తప్పు ఒక వైరులోనో, ఒక రిజిస్టర్‌లోనో (చిప్ లోపల సెట్టింగ్ దాచే చోటు) దొరికింది.

డ్రైవర్ అని ఒక్కొక్కరు ఒక్కోదాన్ని అంటున్నారు. అసలు ఏది డ్రైవర్?

మూడింటినీ అదే పేరుతో పిలుస్తారు, అందుకే ఈ గందరగోళం. గాజు పలక అంచున అతికించి ఉండే చిప్‌ను డ్రైవర్ ఐసీ అంటారు. ఐఎల్‌ఐ9341, ఎస్‌టీ7789, ఎస్‌టీ7735 అనేవి ఈ చిప్‌ల పేర్లే. ఆ చిప్‌కు ఆదేశాలు పంపే కోడ్‌నూ డ్రైవర్ అంటారు. ఎల్‌వీజీఎల్ లాంటి గ్రాఫిక్స్ లైబ్రరీ గీసిన బొమ్మను ఆ కోడ్ చేతికి అందించే చిన్న ఫంక్షన్‌ను కూడా డిస్‌ప్లే డ్రైవర్ అనే రాస్తారు. ఎవరైనా "డ్రైవర్ మార్చు" అంటే ఈ మూడింటిలో ఏది అని ముందు అడగండి.

నా స్క్రీన్‌లో ఏ చిప్ ఉందో ఎలా తెలుస్తుంది?

అమ్మిన పేజీలో రాసింది నమ్మకండి. నేను ఒకసారి ఐఎల్‌ఐ9341 అని ముద్రించి ఉన్న మాడ్యూల్ కొంటే లోపల ఎస్‌టీ7789 ఉంది, అది తేలడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. ఈ రెంటికీ ఆదేశాలు చాలావరకు ఒకటే కాబట్టి బొమ్మ వస్తుంది గానీ రంగులు తేడాగా వస్తాయి, దాంతో మనం వేరే చోట తప్పు వెతుకుతాం. పసుపు రంగు పీసీబీతో చవగ్గా దొరికే 2.8 అంగుళాల ఈఎస్‌పీ32 బోర్డులది కూడా ఇదే కథ: చూడటానికి ఒకేలా ఉన్నా కొన్నింట్లో ఐఎల్‌ఐ9341, కొన్నింట్లో ఎస్‌టీ7789 వస్తోంది.

మాడ్యూల్‌కు మిసో పిన్ (చిప్ జవాబు బోర్డుకు వచ్చే దారి) బయటికి ఉంటే చిప్‌నే అడగొచ్చు. ఐఎల్‌ఐ9341కి హెక్స్ (16 ఆధారంగా రాసే అంకెలు) డీ3 అనే ఆదేశం పంపి చదివితే చివరి రెండు బైట్లు 93, 41 అని వస్తాయి. మిసో పిన్ లేని మాడ్యూల్ అయితే ఒక్కో చిప్ సెట్టింగ్ పెట్టి, కింద చెప్పిన రంగుల పరీక్షతో పోల్చి చూసుకోవడమే.

స్క్రీన్ మొత్తం తెల్లగా వెలుగుతోంది, ఏ బొమ్మా లేదు. పాడైపోయిందా?

చాలావరకు పాడవలేదు. తెల్లగా ఉందంటే బ్యాక్‌లైట్‌కు కరెంటు అందుతోంది, చిప్‌కు మాత్రం మీ ఆదేశాలు చేరడం లేదు అని అర్థం. ముందు డీసీ పిన్ చూడండి. వచ్చేది ఆదేశమా, డేటానా అని చిప్‌కు చెప్పేది అదే, అది తప్పు పిన్‌కు పోతే మీరు పంపినదంతా చిప్‌కు అర్థం లేని బైట్లే. తర్వాత చిప్ సెలెక్ట్, ఆ తర్వాత రీసెట్. రీసెట్ పిన్ గాల్లో వదిలేస్తే కొన్నిసార్లు పని చేస్తుంది, కొన్నిసార్లు చేయదు, ఆ అప్పుడప్పుడు పని చేయడమే మనల్ని ఎక్కువ తిప్పలు పెడుతుంది.

వైర్లు సరిగ్గానే ఉంటే ఇనిషియలైజేషన్ (చిప్‌ను మొదట సిద్ధం చేసే ఆదేశాల) క్రమం చూడండి. నిద్ర నుంచి లేపే ఆదేశం హెక్స్ 11. అది పంపాక 120 మిల్లీసెకన్లు ఆగి, అప్పుడు హెక్స్ 29తో డిస్‌ప్లే ఆన్ చేయండి. ఆ ఆగడం తీసేస్తే మీ టేబుల్ మీద పని చేసిన స్క్రీన్ చలికాలం పొద్దున్నే మొండికేయవచ్చు.

నల్లగా ఉంది, అసలు వెలుగే లేదు?

బ్యాక్‌లైట్ పిన్ చూడండి. పైన చెప్పిన పసుపు బోర్డులో అది జీపీఐఓ (మనం కోడ్‌తో నడిపే పిన్) 21. దాన్ని హై చేయకపోతే బొమ్మ వచ్చినా కనిపించదు. చీకట్లో మొబైల్ టార్చ్ ఏటవాలుగా వేసి చూస్తే లోపల మసకగా బొమ్మ కనిపిస్తుందేమో గమనించండి, కనిపిస్తే మిగతా అంతా బాగున్నట్టే.

స్క్రీన్ వైరు పెట్టగానే బోర్డు బూట్ అవడమే మానేసింది.

ఈఎస్‌పీ32లో జీపీఐఓ 12 వాడారా? బూట్ అయ్యే క్షణంలో ఆ పిన్ హైలో ఉంటే, ఫ్లాష్ మెమరీకి 1.8 వోల్టులు ఇవ్వాలని చిప్ అనుకుంటుంది. ఆ వైరు వేరే పిన్‌కు మార్చండి.

రంగులు తప్పుగా వస్తున్నాయి. ఎరుపు వేస్తే నీలం వస్తోంది.

ఇక్కడే ఎక్కువమంది ఊహ మీద సెట్టింగులు మారుస్తూ పోతారు. ఊహ అక్కర్లేదు, స్క్రీన్ మొత్తాన్ని ముందు నిండు ఎరుపుతో, తర్వాత నిండు ఆకుపచ్చతో, తర్వాత నిండు నీలంతో నింపి చూడండి. అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఆకుపచ్చ.

ఎరుపు, నీలం ఒకదాని చోట ఒకటి వచ్చి ఆకుపచ్చ మాత్రం ఆకుపచ్చగానే ఉంటే, అది ఆర్‌జీబీ, బీజీఆర్ వరుస తేడా. హెక్స్ 36 రిజిస్టర్‌లో బీజీఆర్ బిట్, అంటే విలువలో హెక్స్ 08 ఉన్న బిట్‌ను తిప్పితే సరిపోతుంది.

ఆకుపచ్చ వేస్తే ఎర్రగా, నీలం వేస్తే ఆకుపచ్చగా వస్తుంటే బైట్ల వరుస తిరగబడింది. 16 బిట్ల రంగులో ఆకుపచ్చ హెక్స్ 07ఈ0. దాని రెండు బైట్లు తారుమారైతే ఈ007 అవుతుంది, అందులో పై ఐదు బిట్లు ఎరుపువి కాబట్టి ఎరుపు కనిపిస్తుంది. చిప్ పెద్ద బైటును ముందు అడుగుతుంది, మీ ప్రాసెసర్ చిన్న బైటును ముందు దాచుకుంటుంది, తేడా అంతా ఇదే. ఎల్‌వీజీఎల్ 8లో దీనికి కలర్ 16 స్వాప్ అనే సెట్టింగ్ ఉంది. 9లో అది తీసేశారు, గీసిన బొమ్మను స్క్రీన్‌కు పంపే ఫ్లష్ ఫంక్షన్‌లో ఆర్‌జీబీ565 స్వాప్ ఫంక్షన్‌ను మీరే పిలిస్తే సరిపోతుంది. ఈ రకంలో కూడా ఎరుపు వేస్తే నీలమే వస్తుంది. అందుకే ఎరుపు ఒక్కటే చూసి తేల్చేస్తే సగంమంది తప్పు బిట్ తిప్పుతారు.

ఇక నలుపు తెలుపుగా, ఎరుపు లేత నీలంగా ఫోటో నెగటివ్‌లా వస్తే ఇన్వర్షన్ ఆన్ చేయాలి, ఆదేశం హెక్స్ 21. ఎస్‌టీ7789 ఉన్న ఐపీఎస్ ప్యానెళ్లకు మామూలుగా ఇది కావాలి.

ఐఎల్‌ఐ9488 వాడేవాళ్లకు ఒక ప్రత్యేకమైన మాట. ఎస్‌పీఐ (బోర్డు స్క్రీన్‌కు ఒక్కో బిట్ చొప్పున డేటా పంపే తీగలు) మీద ఆ చిప్ 16 బిట్ల రంగు తీసుకోదు, ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్లు పంపాల్సిందే.

బొమ్మ కాస్త పక్కకు జరిగింది, అంచున రంగురంగుల చుక్కలు ఉన్నాయి.

చిప్ లోపలి మెమరీ గాజు కంటే పెద్దది. ఎస్‌టీ7789 మెమరీ 240×320, మీ గాజు 240×240 అయితే మిగతా 80 వరుసలు కనబడవు. నిలువుగా ఉన్నప్పుడు అంతా బాగుండి, 180 డిగ్రీలు తిప్పగానే బొమ్మ 80 పిక్సెళ్లు జరిగిపోతే కారణం అదే, ఆ భంగిమకు ఆఫ్‌సెట్ (బొమ్మను ఎన్ని పిక్సెళ్లు జరపాలో చెప్పే విలువ) 80 ఇవ్వాలి. 1.14 అంగుళాల 135×240 ప్యానెల్‌కు నిలువులో ఆఫ్‌సెట్లు 52, 40. ఎస్‌టీ7735 మెమరీ 132×162, గాజు 128×160 కాబట్టి కొన్ని మాడ్యూళ్లకు 2, 1 ఇవ్వాలి. ఈఎస్‌పీ32 తయారీ సంస్థ ఇచ్చే ఈఎస్‌పీ ఐడీఎఫ్ కోడ్ కిట్‌లో దీన్ని సెట్ గ్యాప్ అనే ఫంక్షన్‌తో ఇస్తారు. నాలుగు భంగిమలకూ విడివిడిగా చూసుకోండి, ఒకటి కుదిరిందని మిగతావి కుదరవు.

ఎస్‌పీఐ వేగం ఎంత పెట్టాలి?

లెక్క వేసుకుంటే మీకే తెలుస్తుంది. 240×320 స్క్రీన్‌కు పిక్సెల్‌కు రెండు బైట్లు, మొత్తం 1,53,600 బైట్లు, అంటే 12,28,800 బిట్లు. 10 మెగాహెర్ట్జ్ మీద ఒక ఫ్రేము వెళ్లడానికి 123 మిల్లీసెకన్లు, సెకనుకు ఎనిమిది ఫ్రేములు. 40 మెగాహెర్ట్జ్ మీద 31 మిల్లీసెకన్లు, సెకనుకు 32 ఫ్రేములు. ఐఎల్‌ఐ9341 డేటాషీట్ రాతకు 10 మెగాహెర్ట్జ్ వరకే హామీ ఇస్తుంది; వాస్తవంలో చాలా మాడ్యూళ్లు 40కి తట్టుకుంటాయి, నేనూ 40కే నడుపుతున్నాను. కానీ ఎక్కడో పొలం గట్టు మీద, 45 డిగ్రీల ఎండలో నడవాల్సిన పరికరమైతే కొంచెం తగ్గించి పెట్టుకోవడం మంచిది. ఈఎస్‌పీ32లో ఎస్‌పీఐకి కేటాయించిన పిన్లు కాక వేరే పిన్లు వాడితే 40 మించి వెళ్లడం కుదరదు. జంపర్ వైర్లు జానెడు పొడవు దాటితే ఎక్కువ వేగంలో చుక్కలు పడవచ్చు, ముందు వైర్లు పొట్టి చేయండి.

ఇంకోటి, పూర్తి స్క్రీన్ ప్రతిసారీ పంపక్కర్లేదు. ఎల్‌వీజీఎల్ మారిన చోటు మాత్రమే మళ్లీ గీస్తుంది. మూల ఒక అంకె మారితే ఆ చిన్న ముక్కే వెళ్తుంది, అందుకే తూకం అంకెలు 20 మెగాహెర్ట్జ్ మీద కూడా హాయిగా కదులుతాయి.

ఎల్‌వీజీఎల్ బఫర్ ఎంత ఇవ్వాలి? ఒకటా, రెండా?

బఫర్ అంటే పంపే ముందు బొమ్మను గీసి ఉంచుకునే మెమరీ. స్క్రీన్‌లో పదో వంతు సరిపోతుంది. మన 240×320కి 15,360 బైట్లు. ఈఎస్‌పీ32లో 520 కేబీ ర్యామ్ ఉంది కదా, పూర్తి 1,53,600 పెట్టేద్దామని అందరికీ అనిపిస్తుంది గానీ అంత పెద్ద ముక్క ఒకే చోట, డీఎంఏకి (ప్రాసెసర్ చేయి పెట్టకుండానే డేటా పంపే ఏర్పాటు) పనికొచ్చేలా దొరకడం కష్టం, వైఫై కూడా నడుస్తుంటే మరీ కష్టం. రెండో బఫర్ వల్ల లాభం డీఎంఏ వాడితేనే: ఒకటి తీగ మీద వెళ్తుండగా రెండోదాంట్లో గీస్తుంది. డీఎంఏ లేకపోతే రెండోది ఉత్త ఖర్చు.

యూట్యూబ్‌లో చూసి రాసిన కోడ్ కంపైల్ అవడం లేదు.

అది ఎల్‌వీజీఎల్ 8 కోడ్ అయి ఉంటుంది, మీ దగ్గర ఉన్నది 9. 2024 జనవరిలో 9 వచ్చినప్పుడు డిస్‌ప్లే సెట్ చేసే పద్ధతే మారింది. 8లో ఒక డ్రైవర్ స్ట్రక్చర్ నింపి రిజిస్టర్ చేసేవాళ్లం, 9లో నేరుగా డిస్‌ప్లే క్రియేట్ చేసి దానికి ఫ్లష్ ఫంక్షన్, బఫర్లు తగిలిస్తాం.

కంపైల్ అయ్యాక కూడా కాచుకుని ఉండే తప్పు ఒకటి చెబుతాను, ఇది నన్ను బాగా ఏడిపించింది. 8లో బఫర్ సైజును పిక్సెళ్లలో ఇవ్వాలి, 9లో బైట్లలో ఇవ్వాలి. 9లో పిక్సెళ్లు ఇస్తే సగం బఫరే వాడుకుంటుంది, నెమ్మదిస్తుంది అంతే. అదే 8లో బైట్లు ఇచ్చారో, అది బఫర్ దాటి పక్క మెమరీ మీద రాసేస్తుంది, అప్పుడు బోర్డు ఎక్కడో సంబంధం లేని చోట రీస్టార్ట్ అవుతూ ఉంటుంది.

బొమ్మలో ముక్కలు కలిసిపోయి చిరిగినట్టు కనిపిస్తోంది.

ఫ్లష్ రెడీ అనే పిలుపును ఎక్కడ పెట్టారో చూడండి. "నీ బఫర్ పంపేశాను, మళ్లీ వాడుకో" అని ఎల్‌వీజీఎల్‌కు చెప్పే మాట అది. ఈఎస్‌పీ ఐడీఎఫ్‌లో డ్రా బిట్‌మ్యాప్ ఫంక్షన్ పని పూర్తికాకుండానే తిరిగి వచ్చేస్తుంది, డేటా ఇంకా డీఎంఏలో వెళ్తూనే ఉంటుంది. దాని కింది లైన్లోనే ఫ్లష్ రెడీ రాస్తే, వెళ్తున్న బఫర్ మీదే కొత్త బొమ్మ గీసేస్తుంది. పంపడం పూర్తయిందని చెప్పే కాల్‌బ్యాక్‌లో పెట్టండి. ఇక అసలు పెట్టడమే మర్చిపోతే, మొదటి ముక్కో రెండో కనిపించి అంతా ఆగిపోతుంది.

ఏ తప్పూ లేదు, కానీ స్క్రీన్ మీద ఏదీ కదలదు.

టిక్ ఇవ్వలేదు. ఎంత సమయం గడిచిందో ఎల్‌వీజీఎల్‌కు తనంతట తెలియదు, మీరు మిల్లీసెకన్లు చెప్పాలి, లూప్‌లో టైమర్ హ్యాండ్లర్‌ను 5 మిల్లీసెకన్లకోసారి పిలవాలి.

టచ్ ఒక చోట నొక్కితే ఇంకో చోట పని చేస్తోంది.

ఎక్స్‌పీటీ2046 లాంటి రెసిస్టివ్ టచ్ అయితే కాలిబ్రేషన్ తప్పనిసరి, ఒక్కో ముక్కకు ఒక్కోలా ఉంటుంది, కాబట్టి విలువలు ఫ్లాష్‌లో దాచుకోండి. అది స్క్రీన్‌తో ఒకే ఎస్‌పీఐ పంచుకుంటే దాని వేగం 2.5 మెగాహెర్ట్జ్ దగ్గర విడిగా పెట్టాలి. పసుపు బోర్డులో టచ్‌కు పిన్లే వేరు, స్క్రీన్ పిన్ల మీద ఎంత వెతికినా దొరకదు. జీటీ911 కెపాసిటివ్ టచ్ అయితే దాని ఐ2సీ (రెండు తీగల మీద మాట్లాడుకునే పద్ధతి) అడ్రసు హెక్స్ 5డీ కావచ్చు, 14 కావచ్చు. రీసెట్ సమయంలో ఇంటరప్ట్ పిన్ ఏ స్థితిలో ఉందో దాన్ని బట్టి మారుతుంది. స్క్రీన్‌ను చిప్ రిజిస్టర్‌తో మాత్రమే తిప్పితే టచ్ అక్షాలు కూడా మీరే తిప్పుకోవాలి.

తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయి. ఫాంట్ మార్చినా అంతే.

నాకు ఈ ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే రైతు చదవాల్సిన స్క్రీన్ మీద "వెన్న" అనే మాట విరిగి "న" పక్కన పొల్లు, దాని పక్కన ఇంకో "న"గా కనిపిస్తే ఆ యంత్రం మీద నమ్మకమే పోతుంది.

తప్పు ఫాంట్‌ది కాదు. తెలుగు యూనికోడ్‌లో హెక్స్ 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉన్న గుర్తుల్లో వత్తులకు విడి స్థానాలు లేవు. "న్న" అంటే న, పొల్లు, న అనే మూడు గుర్తులు. వాటిని చూసి రెండో న కింద వత్తుగా రావాలని తేల్చే పనిని షేపింగ్ అంటారు. పెద్ద కంప్యూటర్లలో ఆ పని హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీ చేస్తుంది. ఎల్‌వీజీఎల్ అరబిక్, పర్షియన్ అక్షరాలు కలపడం చేస్తుంది గానీ మన లిపులకు షేపింగ్ చేయదు. ఫ్రీటైప్ జోడించినా మారదు, అది అక్షరం ఆకారం గీస్తుందే తప్ప ఏ ఆకారం కావాలో తేల్చదు.

మారని మాటలకు నేను చేసిన పని ఇది: "లీటర్లు", "వెన్న", "మొత్తం" లాంటివి కంప్యూటర్ మీద నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌తో గీయించి బొమ్మలుగా మార్చాను. 120×40 బొమ్మ, పిక్సెల్‌కు ఒక బైటు పారదర్శకత మాత్రమే దాస్తే 4,800 బైట్లు. ఇరవై మాటలకు 96,000 బైట్లు, 4 ఎంబీ ఫ్లాష్‌లో అది పెద్ద భారం కాదు. అంకెలు మాత్రం మామూలు ఫాంట్‌తోనే. బొమ్మ ఎత్తు తీసుకునేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల కొలత వాడకండి, కింద వత్తులు తెగిపోతాయి.

రైతుల పేర్లలా ఎప్పటికప్పుడు మారే మాటలు చూపించాలంటే ఈ ఉపాయం చాలదు. అప్పుడు నేనైతే మైక్రోకంట్రోలర్‌ను వదిలి, చిన్న లైనక్స్ బోర్డు మీద క్యూట్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీ వాడతాను. క్యూట్‌లో హార్ఫ్‌బజ్ లోపలే ఉంటుంది, తెలుగు ఫాంట్ ఫైలు మాత్రం మీరు పెట్టాలి.

800×480 స్క్రీన్ పెట్టాను, బొమ్మ పక్కకు జారుతూ పోతోంది.

అది ఆర్‌జీబీ ప్యానెల్, దానికి సొంత మెమరీ ఉండదు. 7,68,000 బైట్ల ఫ్రేమ్ బఫర్‌ను ఈఎస్‌పీ32 ఎస్3 తన పీఎస్‌ర్యామ్ అనే అదనపు మెమరీ నుంచి ఆపకుండా పంపుతూనే ఉండాలి. ఆ మెమరీ అందించలేనంత పిక్సెల్ క్లాక్ పెడితే బొమ్మ జారుతుంది. ఇలాంటి ప్యానెల్‌కు అంచుల ఖాళీ సమయాలతో కలిపి 1056×525 అనుకుంటే, సెకనుకు 60 సార్లకు 33 మెగాహెర్ట్జ్ కావాలి. 16 మెగాహెర్ట్జ్ పెడితే 29 సార్లు వస్తుంది. క్లాక్ తగ్గించండి, బౌన్స్ బఫర్ (మధ్యలో ఉండే చిన్న, వేగమైన బఫర్) ఆన్ చేయండి, పోర్చ్ విలువలు (ఆ అంచుల ఖాళీ సమయాలు) ప్యానెల్ డేటాషీట్ నుంచే తీసుకోండి.

లైనక్స్ బోర్డు మీద ఫ్రేమ్ బఫరా, డీఆర్‌ఎమ్మా?

రెండూ లైనక్స్ స్క్రీన్‌కు బొమ్మ పంపే దారులే, ఫ్రేమ్ బఫర్ పాతది, డీఆర్‌ఎమ్ కొత్తది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డీఆర్‌ఎమ్‌కే వెళ్లండి. 2015లో కెర్నెల్ 4.0తో స్టేజింగ్‌లోకి (ఇంకా పూర్తిగా ఒప్పుకోని డ్రైవర్ల చోటు) వచ్చిన ఎఫ్‌బీటీఎఫ్‌టీ డ్రైవర్లు ఇప్పటికీ చాలా గైడ్లలో కనిపిస్తాయి గానీ అది పాత దారి. 2022లో చేరిన ప్యానెల్ ఎంఐపీఐ డీబీఐ డ్రైవర్‌కు మీ చిప్ ఇనిషియలైజేషన్ ఆదేశాలను ఒక ఫర్మ్‌వేర్ ఫైలుగా ఇస్తే చాలు, కెర్నెల్ కోడ్ ముట్టక్కర్లేదు. రాస్‌బెర్రీ పైలో కాన్ఫిగ్ ఫైలు 2023 నాటి బుక్‌వార్మ్ (దాని లైనక్స్ వెర్షన్) నుంచి బూట్ కింద ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోకి మారింది. పాత చోట ఎంత రాసినా ఫలితం ఉండదు.

క్యూట్ అప్లికేషన్ స్క్రీన్ మీదకు రావడం లేదు.

హెచ్‌డీఎంఐ, డీఎస్‌ఐ స్క్రీన్లకు ఈజీఎల్‌ఎఫ్‌ఎస్ ప్లాట్‌ఫామ్, జీపీయూతో సంబంధం లేని చిన్న ఎస్‌పీఐ స్క్రీన్లకు లైనక్స్ ఎఫ్‌బీ ప్లాట్‌ఫామ్, క్యూట్ క్విక్ అయితే దానికి తోడు సాఫ్ట్‌వేర్ బ్యాకెండ్. అనుమతి లేదని వస్తే రెండు కారణాలు: యూజర్ వీడియో గ్రూపులో లేకపోవడం, లేదా డెస్క్‌టాప్ ఇంకా నడుస్తూ ఉండటం. డీఆర్‌ఎమ్‌లో ఒక సమయంలో ఒకరే మాస్టర్ (స్క్రీన్‌ను నడిపే ప్రోగ్రాం), కాబట్టి డెస్క్‌టాప్ ఆపాలి. పై 4, పై 5లలో 3డీ గీసేదానికి ఒక కార్డు, స్క్రీన్‌కు చూపేదానికి ఇంకో కార్డు ఉంటాయి. కార్డు 0 అని గుడ్డిగా రాయకుండా మోడ్‌టెస్ట్ అనే పరీక్ష ప్రోగ్రాంతో ఏది స్క్రీన్‌దో చూసి, క్యూట్‌కు ఇచ్చే కేఎంఎస్ కాన్ఫిగ్ ఫైలులో అదే ఇవ్వండి.

అన్నీ కుదిరాయి, లైబ్రరీ అప్‌డేట్ చేయగానే మళ్లీ తెల్ల స్క్రీన్.

టీఎఫ్‌టీ ఈఎస్‌పీఐ లైబ్రరీలో పిన్ల సెట్టింగులు లైబ్రరీ ఫోల్డర్‌లోని యూజర్ సెటప్ ఫైలులో ఉంటాయి, అప్‌డేట్ దాన్ని చెరిపేస్తుంది. ప్లాట్‌ఫామ్‌ఐఓ అనే బిల్డ్ సాధనం వాడి ఆ విలువలన్నీ బిల్డ్ ఫ్లాగులుగా మీ ప్రాజెక్టులోనే పెట్టుకోండి. లవ్యన్ జీఎఫ్‌ఎక్స్ లైబ్రరీ అయితే సెట్టింగులు మీ కోడ్‌లోనే ఒక క్లాసుగా ఉంటాయి, నాకు అదే నచ్చింది.

ఇంకా రాలేదు. ఎవరినైనా అడగాలంటే ఏం చెప్పాలి?

బోర్డు పేరు, స్క్రీన్ చిప్ పేరు (ముద్రించి ఉన్నది, మీరు చదివి తేల్చుకున్నది, రెండూ), ఏ వైరు ఏ పిన్‌కు, ఎస్‌పీఐ వేగం, లైబ్రరీ వెర్షన్ రాయండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం నింపినప్పుడు వచ్చిన మూడు ఫోటోలు, వైర్లు కనిపించే ఒక ఫోటో జత చేయండి. మీ అప్లికేషన్ మొత్తం పంపకండి. స్క్రీన్‌ను ఒక్క రంగుతో నింపే ఇరవై లైన్ల కోడ్ పంపండి, అది పని చేస్తోందో లేదో ముందే చెప్పండి.